టేకాకు మరక

దమామ్ ఇంకా నోరు విప్పలేదు. బస్త్యావ్ ఆ పొడవాటి చెక్కడోలును కొబ్బరిపీచు మంట ముందు అరచుట్టు తిప్పి, ఎడమ చర్మం మీద మధ్యవేలితో ఒకసారి తట్టి, తల వంచి విన్నాడు. తడిసిన గోనెను తట్టినట్టుంది. మూడు రోజులుగా తుంపర. అక్టోబరు సగమైనా యల్లాపుర మీది మబ్బు లేచి వెళ్ళనంటోంది. ఇలాంటి గాలిలో తోలు కూడా ముసలివాడిలా ముడుచుకుని పడుకుంటుంది. దాన్ని లేపడానికి తొందర పనికిరాదు, దగ్గర పెడితే మాడుతుంది, దూరం పెడితే వినదు, మూరెడు దూరంలో ఉంచి కాసేపు ఎడమ చెంప, కాసేపు కుడి చెంప సెగకు చూపిస్తూ, పసిబిడ్డకు నూనె రాసి నలుగు పెట్టే మనిషికున్నంత ఓపికతో కూర్చోవాలి. ఒక గంట పడుతుంది. ఉన్నది కూడా గంటే. ముఖ్య అతిథి కారు కలఘటగి దాటిందని ఇందాకే మైకులో చెప్పారు. చెప్పిన గొంతు సంఘం కార్యదర్శిది, మధ్యమధ్య ‘ఒన్, టూ’ అంటోంది, మూడు మాత్రం అనడం లేదు. ఎందుకు అనరో, మూడు దాకా వచ్చేసరికి మైకు బాగానే ఉందని తెలిసిపోతుందేమో. బస్త్యావ్ కూర్చున్నది బడి వెనకాల మధ్యాహ్నం భోజనాలు వండే రేకుల పాకలో. పొయ్యిలో నిన్నటి బూడిద, గోడకు బోర్లించిన పెద్ద డేగిసా, రేకుల మీద సన్నగా వాన. ఎదురుగా స్టేజీ వెనక భాగం, వెదురు కర్రలు, తాళ్ళు, వాటికి కట్టిన పెద్ద ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ వెనక నుంచి తెల్లగా ఉంది కానీ ఆవలి వెలుతురు పడినప్పుడల్లా అందులోని మనిషి నీడలా పైకి తేలుతున్నాడు. నిలువెత్తుకు రెండింతల మనిషి. చొక్కా లేదు. నడుము చుట్టూ ఆకులు. రెండు చెంపల మీద, నుదుటి మీద అడ్డంగా చారలు. ముందు నుంచి చూస్తే ఆ చారలు ఎర్రగా ఉంటాయి. కుడిచేయి పైకెత్తి నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఇటు నుంచి చూస్తే అదే చేయి ఎడమది అయిపోయింది. ఆ మనిషి బస్త్యావే, ఇరవయ్యేడేళ్ళ బస్త్యావ్. ఎవరో పాత పేపరులోంచి తీసి, రంగులు వేయించి, అంత పెద్దది చేయించారు. నాలుగు జిల్లాల నుంచి జనం వస్తారని, ఒకప్పుడు ఆఫ్రికా నుంచి ఈ అడవులకు చేరిన సిద్దీల సంస్కృతికి ఆద్యుడని ఇవాళ తనకు శాలువా కప్పుతారని, అదే వేషంలో స్టేజీ ఎక్కాలని సంఘం వాళ్ళు ఇంటికి వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. వేషం పక్కనే కవరులో ఉంది. ఆకుపచ్చ ప్లాస్టిక్ ఆకులు, ఒక రబ్బరు పట్టీకి కుట్టినవి, ఒక్కొక్కటీ అచ్చు ఒక్కలాగే. అడవిలో ఏ చెట్టుకీ ఉండని ఆకు అది. అరవయ్యేడేళ్ళుగా అడవిలో తిరుగుతున్నవాడు చూడని చెట్టు ఒకటి ఉందన్నమాట, బెంగుళూరులో ఎక్కడో. చిన్న డబ్బాలో ఎర్రరంగు కూడా పెట్టారు.

అది కూడా పెద్ద బాధ కాదు. ప్లాస్టిక్ కట్టుకున్నా ఒళ్ళు ఒళ్ళే. బాధంతా ఫిలు చేతిలోని నాలుగు కాగితాలు. ఫిలొమిన్, మనవరాలు, ధార్వాడలో డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. ఇవాళ స్టేజీ మీద ఆడే గుంపుకి నాయకురాలు. తాతకు శాలువా కప్పగానే మైకు పట్టుకుని మాట్లాడాల్సింది ఆమే. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని చదివి వినిపించింది, ఒక కాలు మడిచి, ఒక కాలు ఊపుతూ, వాళ్ళవ్వ నతాలిన్ కూర్చున్నట్టే. ‘‘సముద్రాలు దాటి వచ్చిన మా పూర్వీకులు తమ వెంట తెచ్చుకున్నది రెండే. ఒకటి దమామ్, రెండోది ఈ ఆకుల దుస్తులు...’’ బస్త్యావ్‌కు గంజి కొరబోయింది. ఓడలో నెలల తరబడి వచ్చారు కదా, ఆకులు మూడోనాటికే వాడిపోవూ, నాలుగోనాటి నుంచి ఏం కట్టుకున్నారట? అడగలేదు. నవ్వు రాబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహం అంత నిటారుగా ఉంది. చదవడం అయ్యాక, ‘‘ఎలా ఉంది తాతా?’’ అంది. ‘‘గొంతు బాగుంది,’’ అన్నాడు. గొంతు నిజంగానే బాగుంది.

ఆకుల దుస్తులు ఏ సముద్రమూ దాటలేదు. ఈ బడి వెనక కంచె కూడా దాటలేదు. ఇదే బడి, అప్పుడు పెంకుల కప్పు, ఆగస్టు పదిహేను. నలభై ఏళ్ళు. పొద్దున్నే పదకొండు మైళ్ళు నడిచి వచ్చారు తొమ్మిదిమంది, డోళ్ళు తలకెత్తుకుని, చెప్పులు చేతపట్టుకుని, ఊరు రాగానే కాళ్ళు కడుక్కుని తొడుక్కోవాలని. తెల్లచొక్కాలు. పెళ్ళయి అయిదు నెలలైన నతాలిన్ ముందురోజు అన్నం గంజి వార్చి, చొక్కాను అందులో ముంచి, ఎండ లేదు కనుక పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. చొక్కా రేకులా నిలబడింది, చేయి వంచితే చప్పుడయ్యేది. పొగవాసన, గంజివాసన, ఇప్పటికీ ముక్కులో ఉంది. బడి ముందు వరసగా నిలబడ్డారు. పట్నం నుంచి వచ్చిన ఒక సారు, మెడలో కెమెరా, మంచి మనిషే, మాట మెత్తన, వాళ్ళను పైనుంచి కిందకి చూసి నిరాశపడ్డాడు. నిరాశే అది, పెళ్ళిచూపులకు వచ్చినవాడి మొహం. ‘‘ఏమయ్యా, ఈ ఇస్త్రీ చొక్కాలేంటి? ఇవి మాకూ ఉన్నాయి. మీరు అడవిలో ఎలా ఉంటారో అలా రండి.’’ అడవిలో ఎలా ఉంటాం? పాత నిక్కరు, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా, నడుముకి కత్తి. అదే చెప్పాడు వరసకు బావైన దావల్‌సాబ్. ‘‘అది కాదయ్యా, అసలుది, అసలుది,’’ అన్నాడు సారు, చేతులతో గాలిలో ఏదో బొమ్మ గీస్తూ. బస్త్యావ్‌కు లోపల ఎక్కడో చీమ కుట్టింది. నతాలిన్ చెంబు పట్టుకుని చేయి కాల్చుకున్న చొక్కా ఇది. సరే, అసలుదే కావాలి కదా! బడి వెనక్కి వెళ్ళాడు. చొక్కా విప్పి కంచె మీద వేశాడు. వానల్లో చిగిర్చిన టేకుమొక్కలు నడుమెత్తున ఉన్నాయి. చేటంతేసి ఆకులు పటపటా విరిచి, తీగకు గుచ్చి, నిక్కరు మీదే నడుముకి చుట్టుకుని, చేయెత్తి, ‘హూ, హూ’ అని అరుస్తూ సారు ముందుకి దూకాడు. సారుకు కోపం వస్తుందనుకున్నాడు. లేదా సిగ్గుపడతాడని. కనీసం నవ్వుతాడని. వేళాకోళం అని చంటిపిల్లకైనా తెలుస్తుంది కదా.

సారు చప్పట్లు కొట్టాడు. ‘‘ఇదీ! ఇదీ!’’ అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం ఆయనకు. కెమెరా టిక్కుటిక్కుమంది. లేత టేకాకు నలిగితే రక్తంలా ఎర్రటి రసం కారుతుంది, ఈ వైపు పిల్లలందరికీ తెలుసు, అరచేతులు ఎర్రగా చేసుకుని వేలు తెగిందని తల్లుల్ని ఏడిపిస్తారు. అదే చేతులతో బస్త్యావ్ చెంపల మీది వాన తుడుచుకున్నాడు, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. చారలు పడ్డాయి. ‘‘ఆ రంగు యుద్ధానికా, వేటకా?’’ అని అడిగి, జవాబు వినకుండానే సారు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. వారం తరవాత పేపరులో బొమ్మ వచ్చింది. మరుసటి ఏడు హళియాళ వైపు సిద్దీలు ఆకులు కట్టుకుని వచ్చారు. ఆ పై ఏడు ముండగోడు వాళ్ళు ఎర్రచారలతో సహా. వాళ్ళను చూసి దావల్‌సాబ్ బస్త్యావ్ చెవిలో, ‘‘బావా, నీకు అమ్మవారు పోసినా వీళ్ళు ముఖాన చుక్కలు పెట్టుకుని వచ్చేలా ఉన్నారు,’’ అన్నాడు. నవ్వింది ముగ్గురే, బస్త్యావ్, దావల్‌సాబ్, నతాలిన్. అందులో ఒకరు ఇప్పుడు లేరు.

కుడి చర్మం తట్టాడు. గోనె కాస్త ఆరింది. ఇంకా గోనే. డోలు తిప్పి మంటలో మరో రెండు పీచులు పెట్టాడు. పొగ ఒకసారి కళ్ళలోకి కొట్టి, దారి తెలిసినట్టు రేకు చూరు వైపు వెళ్ళిపోయింది.

‘‘చెప్పావా?’’

దావల్‌సాబ్. గొడుగు ముడిచి చూరు కింద దులిపి, మోకాలు పట్టుకుని, ఎదురుగా ఇటుక మీద కూర్చున్నాడు. ఆయన నడుముకి ఇప్పటికే ప్లాస్టిక్ ఆకులు ఉన్నాయి, లుంగీ మీద. బస్త్యావ్ ఆకుల వైపు చూసి, ఆయన మొహం వైపు చూశాడు.

‘‘అలా చూడకు. నడుము దగ్గర వెచ్చగా ఉంది. ఈ సంఘం వాళ్ళు చేసిన ఒకే ఒక మంచిపని. చెప్పావా లేదా?’’

‘‘లేదు.’’

‘‘నలభై ఏళ్ళు ఆగినవాడివి, ఇంకో గంట ఆగు. తరవాత ఎలాగూ ఇద్దరం పోతాం. పోయాక అది నిజమైపోతుంది.’’

‘‘పిల్ల చదువుతుంది బావా. పదిమందిలో.’’

‘‘చదవనీ. దానికేం తెలుసు పాపం.’’

‘‘అందుకే.’’

దావల్‌సాబ్ మంటలోకి ఒక పీచు తోశాడు. జేబులోంచి పోకచెక్క తీసి సగం విరిచి ఇచ్చాడు. తరవాత లేచి, ఆకులు గలగలలాడించుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు. వెనక నుంచి చూస్తే తోటలో కోడిపుంజు నడిచినట్టే ఉంది.

పోకచెక్క దవడన పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పబోయాడు? లెక్క లేదు. అసలు చెప్పబోయాడా? తనను ఎవరైనా అడిగితే కదా. పుట్టినప్పటి నుంచీ అందరూ తనేమిటో తనకే చెబుతూ వచ్చారు, అడిగినవాడు లేడు. పోకతోట యజమాని అందరికీ ఒక మూట ఎత్తితే తనకు రెండెత్తేవాడు, ‘‘నీకేం, సిద్దీవాడివి, ఏనుగులాంటి ఒళ్ళు,’’ అని. వెన్నులో ఎక్కడ కలుక్కుమందో ఏనుగుకే తెలియాలి. అడవిశాఖ వాళ్ళు పులి జాడ చూడడానికి ముందు తనను పంపేవారు, మీకు భయం ఉండదట కదా అని, ఉండేది, పోయిన ప్రతిసారీ ఉండేది. గోవాలో పనికి వెళ్ళినప్పుడు పోలీసు పాస్‌పోర్టు అడిగాడు. తను రేషన్ కార్డు చూపిస్తే, తిరగేసి మరగేసి, ‘‘కన్నడం భలే నేర్చావే! ఏ దేశం?’’ అన్నాడు. ‘‘యల్లాపుర దేశం,’’ అన్నాడు బస్త్యావ్. అందుకు అరగంట నిలబెట్టారు. నిలబడ్డాడు. ఆ అరగంటా లోపల నవ్వుకుంటూనే ఉన్నాడు, తన జవాబులో తప్పు దొరక్క వాళ్ళు పడుతున్న అవస్థకు. బస్సులో పక్కసీటు ఆవిడ, చంటిపిల్లాడి చేతిని బస్త్యావ్ జుట్టు మీద పెట్టి, ‘ముట్టుకుంటే అదృష్టంట’ అని చెప్పింది. తనను అడగలేదు. పిల్లాడు మాత్రం ఆ ఉంగరాల జుట్టులో వేళ్ళు పెట్టి హాయిగా నిద్రపోయాడు, వాడి తప్పేం లేదు, దిగేదాకా బస్త్యావ్ తల కదల్చలేదు.

ఇక మింగెల్. తన కొడుకు, ఫిలు తండ్రి. పదకొండేళ్ళప్పుడు ఎవరో టేపు తెచ్చి వాడి పిక్కలు కొలిచి, సిద్దీల రక్తంలోనే పరుగుందని, దేశానికి పతకాలు తెస్తాడని, తీసుకుపోయి హాస్టల్లో పెట్టారు. మూడేళ్ళు పరిగెత్తించారు. వాడు ఎప్పుడూ చివరి నుంచి రెండోవాడే, చివరివాడు కూడా సిద్దీనే. పాపం ఆ కోచ్ రాత్రింబవళ్ళు వాడి రక్తంలో పరుగు ఎక్కడుందో వెతుక్కున్నాడు. వాడేమో పరుగు ఎగ్గొట్టి వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరగడం నేర్చాడు. ఇవాళ హుబ్బళ్ళిలో పెద్ద హోటల్లో వాడి చేతి సాంబారుకు మనుషులు వరసలో నిలబడతారు. తండ్రికి ఫోన్ చేసినప్పుడల్లా, ‘‘నాన్నా, నన్ను చూసి కాదు, నా సాంబారు చూసి పరిగెత్తుతున్నారు జనం,’’ అంటాడు. అది తలచుకుంటే బస్త్యావ్‌కు ఛాతీ కాస్త పొంగుతుంది. ఎవరు ఏ పేరుతో పిలిచినా, ఏ కొలతలు తీసుకున్నా, మనిషి లోపల ఒకడు కూర్చుని తన పని తను చేసుకుంటూనే ఉంటాడు, ఉల్లిపాయలు తరుగుతూనో, చర్మం కాస్తూనో.

కానీ ఫిలు. తండ్రి లాగా పక్కకు తప్పుకునే రకం కాదు. ఎదురు నిలబడే రకం. ధార్వాడ వెళ్ళిన కొత్తలో హాస్టల్ పిల్లలు, ఆఫ్రికా అమ్మాయి వచ్చిందని గుమ్మం దగ్గర గుమిగూడారట. ఒకతె దువ్వెన తెచ్చి ఈ జుట్టులో దిగుతుందా అని పందెం వేసిందట. సెలవులకు వచ్చినప్పుడు ఫిలు ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు, ఎర్రచీమల పచ్చడి నూరుతూ చెప్పింది, రోలు అదిరిపోయేలా. తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టె అడుగున ఉన్న పేపరు ముక్క అడిగి తీసుకుంది, ఆ బొమ్మ. మంచం పక్క గోడకు అంటించింది. ఎవరైనా నవ్వితే వేలు చూపిస్తుందట: ‘‘మా తాత. మా వంశం. మీ తాత బొమ్మ ఉందా ఇలా, పేపర్లో?’’ నవ్వులు ఆగాయట. మూడేళ్ళుగా ఆ పిల్ల ఆ ఆకుల మీద కాళ్ళు మోపి నిలబడి ఉంది. ఇప్పుడు తను వెళ్ళి, తల్లీ, అది నేనొక ఆయన్ని వెక్కిరించడానికి కట్టుకున్నది, అంటే? కాళ్ళ కింద ఏముంటుంది ఆ పిల్లకు? చెప్పకపోతే? నాలుగు జిల్లాల ముందు, మైకులో, తన గొంతుతో, నతాలిన్ గొంతులాంటి గొంతుతో, తాత వేళాకోళాన్ని పూర్వీకుల నెత్తిన పెడుతుంది. పూర్వీకులు ఏమంటారు? ఓడల్లో సంకెళ్ళతో తెచ్చి అమ్మితే, తప్పించుకుని ఈ కొండలెక్కి, అడవి నరికి పొలం చేసి, చచ్చేదాకా ఒంటిమీదకు ఒక మంచి బట్ట కోసం తపించినవాళ్ళు. దొరల ఇళ్ళల్లో పాతవి అడిగి తెచ్చుకుని, గుండీలు లేని చొక్కాకు ముల్లు గుచ్చుకుని తిరిగినవాడు తన తాత. ఆయన్ని తీసుకెళ్ళి ఆకుల్లో నిలబెడితే ఊరుకుంటాడా?

డోలు తిప్పాడు. తిప్పినప్పుడు కింద పరిచిన కవంది జరిగింది, సర్దాడు. తడి తగలకుండా ఇంటి నుంచి డోలును ఇందులోనే చుట్టి తెచ్చాడు. నతాలిన్ కుట్టిన బొంత. సిద్దీల ఇంట్లో ఆడవాళ్ళు పాతబట్టలు పారేయరు, ముక్కలు చేసి, అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, లోపలికి లోపలికి కుట్టుకుంటూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా నాలుగు పూలు మడిచి కుట్టందే లేవరు. పూలు లేని కవంది బట్టలు లేని మనిషట. బట్టలేని బొంతను కూడా ఒప్పుకోని జాతికి ఆకులు కట్టారు చూడు, అనుకున్నాడు బస్త్యావ్, కట్టినవాణ్ణి నేనే. వేళ్ళు వాటంతట అవే తడుముకుంటూ వెళ్ళాయి. మింగెల్ నిక్కరు గుడ్డ, నతాలిన్ పెళ్ళికోక అంచు, ఫిలు మొదటి గౌను గళ్ళు, ఆ పక్కన జానెడు తెల్లగుడ్డ. ఇప్పుడు తెల్లగా లేదు, పాలల్లో టీ పడ్డట్టుంది, దాని మీద అయిదు వేళ్ళ గుర్తు, ఎండిన మోదుగుపూవు రంగు. ఆరోజు బొమ్మ తీయడం అయిపోయాక కంచె మీది చొక్కా తీసి, చూసుకోకుండా చేతులు తుడిచేశాడు. ఇంటికెళ్ళాక నతాలిన్ బూడిదతో ఉతికింది, కుంకుడుతో ఉతికింది, నిమ్మకాయతో రుద్దింది. ‘‘నా గంజి, నా ఇస్త్రీ! నీ వేళాకోళం మండా!’’ అని తిట్టింది. తిట్టి తిట్టి నవ్వింది. మరక పోలేదు. చొక్కా చిరిగిపోయేదాకా తొడుక్కున్నాడు, తరవాత ఆమె ఆ ముక్కను మాత్రం కత్తిరించి ఇందులో వేసింది, వేయనక్కర్లేదు, ఎన్ని గుడ్డల్లేవు ఇంట్లో.

‘‘తాతా, కారు వచ్చేసింది. ఇంకా తొడుక్కోలేదేం?’’

ఫిలు. గళ్ళచీర సిద్దీకట్టులో భుజం మీద ముడివేసి కట్టింది, దాని మీద ఆకులు. చెంపల మీద చారలు. చేతిలో కాగితాలు ప్లాస్టిక్ కవరులో. వాన తలమీది ఉంగరాల్లో చిక్కుకుని, కిందికి జారక, ముత్యాల్లా నిలబడిపోయింది. ఏ దువ్వెన దిగుతుంది అందులో, దిగక్కర్లేదు, అనుకున్నాడు. ఆమె గొంతుకూర్చుని కవరులోంచి ప్లాస్టిక్ ఆకులు తీసి విదిలించింది.

‘‘లే, నేను కడతా. ఆగాగు, ఒకటడగాలి. కాగితంలో అక్కడ ఖాళీ వదిలా. మీ తాతల కాలంలో దీన్ని ఏ వైపు ముడి వేసేవాళ్ళు? ఎడమా, కుడా? నాకది కరెక్టుగా చెప్పాలి.’’

బస్త్యావ్ దవడన పోకచెక్క ఆగిపోయింది. అడిగింది. అరవయ్యేడేళ్ళలో మొదటిసారి, నువ్వేమిటో నేను చెబుతానని కాక, ఎలా ఉండేది చెప్పు అని ఒక మనిషి ఎదురుగా కూర్చుని, పెన్ను మూత తీసి అడిగింది. అడిగినదానికి అబద్ధం చెప్పడం తనకు చేతకాదు. మాట్లాడకుండా ఉండడం వచ్చు, అది వేరు.

‘‘మా తాత చొక్కా తొడిగేవాడు,’’ అన్నాడు.

‘‘ఊఁ. దాని మీదా?’’

‘‘చొక్కానే. గుండీలుండేవి కావు. ముల్లు పెట్టుకునేవాడు.’’

‘‘మరి ఆకులు?’’

‘‘ఆకులు నావి.’’ ఫ్లెక్సీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. ‘‘ఆ రోజే. ఆ సారును వెక్కిరిద్దామని. ఆయనకు తెలీలా.’’

ఫిలు నవ్వబోయి ఆగింది. తాత నవ్వడం లేదు. పెన్ను అలాగే ఉంది. తరవాత బస్త్యావ్ చెప్పాడు, ఒక్కొక్క ముక్కా, తన జీవితంలో ఒకేసారి మాట్లాడినవాటిలో అదే ఎక్కువేమో, గంజి, చెంబు, కంచె, తీగ, హూ హూ, సారు ప్రశ్న, నిమ్మకాయ. చెబుతున్నంతసేపూ డోలు తిప్పుతూనే ఉన్నాడు, చేతులకు ఏదో ఒకటి ఉండాలి కదా.

‘‘మూడేళ్ళు గోడకు పెట్టుకున్నా,’’ అంది ఫిలు.  ‘‘వాళ్ళందరికీ చూపించా. ఇది మాది, ఇది మాది అని. నువ్వు చూస్తూ ఊరుకున్నావు.’’

‘‘ఊరుకున్నా. తప్పే.’’

‘‘మరి మనది ఏది తాతా? ఇదీ కాకపోతే?’’

బస్త్యావ్ కవంది అంచు పట్టుకుని ఆమె వైపు లాగి, ఆ తెల్లముక్క మీద వేలు పెట్టాడు. ఫిలు వంగి చూసింది. ఆ ముక్క ఆమెకు తెలుసు, ఆ బొంతలోనే పెరిగింది, జ్వరం వచ్చినప్పుడల్లా ఆ అయిదు వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టుకుని పడుకునేది. ఇప్పుడూ తెలియకుండానే పెట్టింది. అప్పుడు సరిపోయేవి కావు, ఇప్పుడు సరిపోయాయి.

‘‘అవ్వను అడిగా ఒకసారి, ఇదేంటని,’’ అంది నెమ్మదిగా. ‘‘మీ తాత వేళాకోళం అంది. చెప్పి ఒకటే నవ్వు. నాకేం అర్థంకాలా.’’

మైకు ఆమె పేరు పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఫిలు లేచింది. ప్లాస్టిక్ ఆకుల్ని ఏమీ చేయలేదు, ఒంటిమీదవీ, నేలమీదవీ. కాగితాలు తీసుకుందో లేదో బస్త్యావ్ చూడలేదు. తుంపరలోకి వెళ్ళిపోయింది, వెళ్ళేటప్పుడు ఒక్కమాట లేదు. మాట్లాడకపోవడం నా దగ్గరే నేర్చింది, అనుకున్నాడు. ఇప్పుడు ఏం చేస్తుంది? చదివేస్తుందా? ఏడుస్తుందా? ఏడవదు. తప్పో ఒప్పో, అడిగింది, చెప్పాను. ఒంట్లో ఏదో మూట దిగినట్టుంది, రెండింట్లో ఒకటి. నలభై ఏళ్ళ తరవాత వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఒంటిమీది చొక్కా కూడా గంజి పెట్టినదే, ఇవాళ తనే పెట్టుకున్నాడు, నతాలిన్ అంత బాగా రాలేదు, కాలరు దగ్గర ఉండ కట్టింది. చర్మం తట్టాడు. గోనె కాదు. ఇంకా గొంతూ కాదు. నిద్రలేచినవాడి మొదటి మూలుగు.

ఫ్లెక్సీ మీద నీడ పడింది. పెద్ద మనిషి కాళ్ళ దగ్గర చిన్న మనిషి, మైకు ముందు. పెద్దమనుషుల పేర్లన్నీ వరసగా చెప్పింది, తడబడలేదు. 

‘‘నా దగ్గర నాలుగు కాగితాలున్నాయి,’’ అంది మైకులో ఫిలు గొంతు. ‘‘ఇందులో ఒక తప్పుంది. తప్పు నాది కాదు, మా తాతది. ఈ బొమ్మలో ఉన్నాయనది. పైన చూడండి, ఎంత కోపంగా ఉన్నాడో! అది కోపం కాదండీ. ఆ రోజు మావాళ్ళు తొమ్మిదిమంది గంజి పెట్టిన తెల్లచొక్కాలు తొడుక్కుని, పదకొండు మైళ్ళు నడిచి, ఇదే బడికి వచ్చారు...’’

చెప్పింది. మొత్తం చెప్పింది. తాత నాలుగు ముక్కల్లో చెప్పినదాన్ని ఆమె నలభై ముక్కలు చేసి, సారు చేతులతో గాలిలో గీసిన బొమ్మతో సహా చెప్పింది. అది తను చెప్పలేదే, ఎలా తెలిసిందో, ఇలాంటి సార్లను తనూ చూసి ఉంటుంది. జనం ఉలుకూ పలుకూ లేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. ఆ సారు కూడా ఇలాగే చూశాడు, అనుకున్నాడు బస్త్యావ్, అర్థంకాక. మళ్ళీ చప్పట్లు కొడతారు కాబోలు. చేయి చర్మం మీదే ఆగిపోయింది.

‘‘...యుద్ధానికా, వేటకా అని అడిగారట ఆ సారు. ఏమండీ, అది టేకాకు మరకండీ! మా అవ్వ దాన్ని నిమ్మకాయ పెట్టి రుద్దింది!’’

ముందు ఒక్కరే నవ్వారు. కింద, ఆడవాళ్ళ వైపు నుంచి, పళ్ళులేని నోటి నవ్వు, సిద్దీ అవ్వ ఎవరో. టేకాకు మరక ఉతికిన చేయి అయి ఉంటుంది, ఉతికినవాళ్ళకే తెలుస్తుంది అది. తరవాత పక్కనున్నామె. తరవాత ఆ వరసంతా. దావల్‌సాబ్ గుర్రపు నవ్వు ఆ చివరి నుంచి, ఆకులు గలగలలాడే చప్పుడుతో సహా. హళియాళ వాళ్ళు నవ్వుతున్నారు, ఒకరి చారలు ఒకరు చూసుకుంటూ కాబోలు. ముండగోడు వాళ్ళు నవ్వుతున్నారు. చివరికి కుర్చీల వైపు కూడా పాకింది, అక్కడ కాస్త జాగ్రత్తగా, ఎవరిని చూసి నవ్వుతున్నామో తేల్చుకుని నవ్వే నవ్వు. ఫ్లెక్సీ మొత్తం అదురుతోంది, గాలికో, నవ్వుకో. అందులో నోరు తెరిచి చేయెత్తిన మనిషి, అంత పెద్ద మనిషి, అదురుతూ, ఇటు నుంచి చూస్తే తనూ నవ్వుతున్నట్టే ఉన్నాడు. నలభై ఏళ్ళ కిందట వేసిన వేళాకోళం. వాళ్ళకు ఇప్పుడు అందింది.

‘‘మా తాతను పిలుస్తున్నా,’’ అంటోంది ఫిలు. ‘‘ఆకులు లేకుండా వస్తాడు. శాలువా తడవకుండా చూడండి, డోలు కూడా. తాతా, రా!’’

బస్త్యావ్ పోకచెక్క ఉమ్మేసి మధ్యవేలితో ఎడమ చర్మం తట్టాడు. ఖంగుమంది. వంటపాక రేకులు, బోర్లించిన డేగిసా, అన్నీ ఒకసారి పలికి ఊరుకున్నాయి. పై గుండీ పెట్టుకున్నాడు. డోలును కవందిలో చుట్టి, మరక ఉన్న వైపు పైకి వచ్చేలా, చంకన పెట్టుకుని వానలోకి అడుగు వేశాడు.